ఎడమ అరచేయి

అరవై ఎనిమిదో సంవత్సరం, ఉగాది ఇంకా రెండు వారాలుందనగా, హెల్త్ ఇన్‌స్పెక్టరు జగన్నాధం గారు పొందూరులో ఒక ఇంటి గుమ్మం ముందు నిలబడి, లోపలికి రావద్దని చెబుతున్న ఒక ముసలమ్మ మాటలు వింటున్నారు. ఆయనకు అది కొత్త సంగతి కాదు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఆయనను రమ్మన్న గుమ్మాల కంటే రావద్దన్న గుమ్మాలే ఎక్కువ. పదవీ విరమణకు ఇంక నాలుగు నెలలు మిగిలి ఉన్నాయి. ఆ నాలుగు నెలలూ ఎవరితోనూ వాదన లేకుండా గడిచిపోతే చాలునని ఆయన మనసు కోరుకుంటున్నది. మోకాళ్ళు మాత్రం నాలుగు నెలలు కూడా ఎక్కువేనంటున్నాయి.

ఆ ఇంటిని పట్టుకున్నది ఆయన కాదు, టీకాలు వేసే ఎల్లాజీ. వాడికి నలభై అయిదేళ్ళుంటాయి. ఇరవై ఏళ్ళుగా మందు పెట్టె భుజాన వేసుకొని ఆయన వెనుకనే తిరుగుతున్నాడు. అమ్మవారు పోసిన ఇంట్లో తాలింపు వేయరు, తలకు నూనె రాయరు, చాకలికి బట్ట వేయరు. ఇవన్నీ ఏ ఊళ్ళోనైనా ఉన్నవే. పొందూరులో మరొకటి కూడా ఉన్నది: రాట్నం తిప్పరు. తెల్లవారిన దగ్గర నుంచి ప్రతి ఇంటిలోనూ ఆడవాళ్ళు నూలు వడికే ఆ వీధిలో రాట్నం వినిపించని ఇల్లంటే ఎల్లాజీకి అదే చాలు.

"అయ్యగారూ, ఈ ఈదిలో అన్ని కొంపల్లోనూ రాట్నం గుయ్యిమంతన్నాది. ఈ కొంపొక్కటీ నోరు మూసుకున్నాది. గుమ్మానికి ఏపమండలు కూడా ఉన్నాయి, సూడండి," అన్నాడు వాడు.

గుమ్మంలో అడ్డంగా కూర్చున్న ఆ ముసలమ్మ పేరు గురమ్మ. అరవై ఏళ్ళు దాటిన మనిషి. ఆమె కొడుకు, కోడలు పద్మకుమారి చీపురుపల్లిలో ఉన్నారు. పద్మకుమారి పురిటికి అక్కడి పుట్టింటికి వెళ్ళి పది రోజుల క్రిందట మగపిల్లవాణ్ణి కన్నది. ఇంట్లో ఉన్నది గురమ్మా, తొమ్మిదేళ్ళ మనుమరాలు నీలవేణీ మాత్రమే.

"పిల్లను ఒకసారి చూడాలి, గురమ్మా. పక్కకు జరుగు," అన్నారు జగన్నాధం గారు.

"అమ్మోరు ఉన్నాది బాబూ. బూట్లేసుకుని గడప తొక్కకు."

"పోనీ, పిల్లను బయటికి తీసుకురా."

"ఒంటి మీద అమ్మున్న పిల్లని ఎండలోకి తెస్తారేటి? పెళ్ళిసూపులనుకున్నావా?"

ఎల్లాజీ నవ్వాపుకోవడానికి మందు పెట్టె వైపు తిరిగాడు. జగన్నాధం గారు గడప బయటనే వంగి లోపలికి చూశారు. చీకటిగదిలో నులకమంచం. మంచం నిండా వేపాకు. దాని మీద పిల్ల, మెడ దాకా తెల్లని ముతకగుడ్డ కప్పుకొని పడుకొని ఉన్నది. ముఖమంతా పసుపూ వేపాకూ నూరి పట్టించారు. ఆ పూత కింద పొక్కులున్నాయని తెలుస్తున్నది గాని, అవి ఏ రకంవో, ఎంత వయసువో తెలియడం లేదు. కుడి పిడికిలిలో చిన్న వేపరెమ్మ. దురద పెట్టినప్పుడు గోళ్ళతో గీరుకోకుండా దానితో నిమురుకోవాలి. ఎడమ చేయి మంచం మీది నుంచి జారి, అరచేయి గుమ్మం వైపు తిరిగి వేలాడుతున్నది.

ఆ అరచేతి నిండా ఎర్రని చుక్కలు.

జగన్నాధం గారు అలాగే వంగి చాలాసేపు దానినే చూశారు.

"ఆ గుడ్డ తీసి వీపు చూపించగలవా?" అని అడిగారు, సమాధానం తెలిసే.

"అమ్మని గుడ్డ తీసి సూత్తావా? నీ కళ్ళు పోతాయి బాబూ. నాదేటి పోయింది."

"జ్వరం ఎప్పటి నుంచి?"

"మూడు రోజులనుంచి ఒళ్ళు కాలిపోతన్నాది."

"టీకా వేయించావా దీనికి?"

ఎల్లాజీ అందుకున్నాడు. "కిందటేడు ఈ గుంటని గాదెలో దాసీసింది అయ్యగారూ. గాదె మూత మీద కూకుని, తమలపాకు నముల్తూ, మా ఇంట పిల్లలు నేరు నాయినా అని నాకు సెప్పింది. నానూ నమ్మీసేను."

"అప్పుడు నీ సూదికి తుప్పు పట్టున్నాది," అన్నది గురమ్మ.

తుప్పు సంగతి జగన్నాధం గారు వినిపించుకోలేదు. ఆయన మనసులో ముప్పై ఏళ్ళనాడు నేర్చుకున్న పట్టిక తెరుచుకున్నది. ఈ దేశంలో జనం ఇద్దరు అమ్మవార్లను చెబుతారు, చిన్నమ్మోరు ఒకరు, పెద్దమ్మోరు ఒకరు. చిన్నమ్మోరంటే ఆటలమ్మ. పిల్లలందరినీ ఎప్పుడో ఒకప్పుడు పలకరించి పోతుంది. పొక్కులు వీపునా రొమ్మునా ఎక్కువ, కాళ్ళూ చేతులా తక్కువ. నాలుగైదు రోజులలో ఎండి రాలిపోతాయి. పెద్దమ్మోరంటే మశూచి. ముందుగా మూడు రోజులు కాల్చేసే జ్వరం. ఆ పైన పొక్కులు. అవి ముఖాన, ముంజేతుల మీద, అరచేతుల్లో, అరికాళ్ళలో గట్టిగా, బఠాణీ గింజలు చర్మం కింద పాతిపెట్టినట్టుగా లేస్తాయి. ఆటలమ్మ అరచేతిలోకి దిగడం చాలా అరుదు. అరచేయి చూస్తే సగం సంగతి తెలుస్తుందని ఆయనకు పాఠం చెప్పిన తెల్లదొర బల్ల మీద తన అరచేయి చరిచి మరీ చెప్పాడు.

ఇంకొక సంగతి కూడా ఆయన మనసులో కదిలింది. అది పాఠంలోది కాదు. రెండేళ్ళ క్రిందట సముద్రపొడ్డున ఒక పల్లెలో, వలలు కుట్టుకునే ఒక మనిషి ఒంటి మీద పొక్కులు చూసి, ఆయన ఆటలమ్మ అని రాసుకొని సైకిలెక్కారు. ఆ రోజు ఎండ ఎక్కువగా ఉన్నది. నెల తిరిగే సరికి ఆ పల్లెలో పదకొండు మంది పోయారు. ఎవరూ ఆయనను ఒక్క మాట అనలేదు. పల్లెవాళ్ళు అమ్మవారన్నారు. పై అధికారులు సకాలంలో సమాచారం అందలేదన్నారు. ఆ పదకొండు పేర్లూ మాత్రం ఆయనకు వరుసగా వచ్చును.

అందుచేత ఇప్పుడు ఆయన తక్కువ రాయదలచుకోలేదు. జేబులోంచి కాగితం తీసి, తంతి మాటలు నాలుగు రాసి, ఎవరి చేతనైనా తంతాఫీసుకు పంపమని ఎల్లాజీకి ఇచ్చారు. శ్రీకాకుళం నుంచి సాయంత్రానికి జీపు రావాలి, డాక్టరు రావాలి, పిల్లను ఏటి ఒడ్డున తాటాకులతో వేసిన షెడ్డుకు తీసుకుపోవాలి.

"ఎక్కడికీ కదలకు, గురమ్మా. సాయంత్రం జీపు వస్తుంది. పిల్లతో పాటు నువ్వూ వెళ్ళవచ్చు."

గురమ్మ ముఖంలో పౌరుషం తగ్గి మరేదో వచ్చింది. "ఆ పాకలోకా?"

"అక్కడ డాక్టరు చూస్తారు."

"అక్కడ ఎవులున్నారు ఇప్పుడు?"

"ముగ్గురున్నారు."

"ఆలకి పెద్దమ్మోరా?"

"అవును."

"మరి మా గుంటకి పెద్దమ్మోరు కాకపోతే?"

జగన్నాధం గారు కలం మూత బిగించారు. టీకా లేని పిల్లను మశూచి మనుషుల పక్కన పడుకోబెడితే ఏమవుతుందో ఆయనకు తెలియనిది కాదు. ఇప్పుడు మశూచి కానిపక్షంలో అక్కడ అయి తీరుతుంది. ఆ మాటకు సమాధానం చెప్పే ఓపిక లేక, అలవాటు కొద్దీ, "వెళ్ళొస్తాను," అన్నారు.

గురమ్మ విసురుగా లేచింది. "ఆ మాట అనకు బాబూ. అమ్మున్న ఇంటికాడ మళ్ళీ వస్తానంటారేటి? నువ్వొస్తానంటే అమ్మొస్తానన్నట్టే. వచ్చినోడు నోరు మూసుకుని ఎలిపోవాల. అంత సదూకున్నావు, ఇది తెల్దేటి?"

ఆయన నోరు మూసుకొనే కదిలారు.

మధ్యాహ్నం దాకా ఆ వీధిలో టీకాలు వేయించారు. పొద్దుటి నుంచీ గుయ్యిమన్న రాట్నాలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. పెద్దమ్మోరని మాట పడగానే గురమ్మ ఇంటికి అటూ ఇటూ ఇళ్ళవాళ్ళు తలుపులు బిగించారు. ఎవరో వచ్చి ఆ ఇంటి ముందు నుంచి వీధి మలుపు దాకా, ఎవరూ దాటకూడదని, సున్నంతో గీత గీశారు. టీకాకు చేయి చాపిన ప్రతివాళ్ళూ ఒకే మాట అడిగారు: గురమ్మ మనుమరాలు బతుకుతుందా అని. ఎల్లాజీ తిప్పుడు సూదిని వేళ్ళ మధ్య తిప్పుతూ, "ముందు నీ సెయ్యి కదపకుండా ఉంచు, తరవాత ఆ గుంట సంగతి సూద్దాం," అని అందరికీ చెప్పాడు.

ఒంటిగంట దాటిన తరువాత జగన్నాధం గారు పంచాయతీ అరుగు మీద పెరుగన్నం మూట విప్పబోతూ ఉండగా, ఎదురింటి బుల్లమ్మ ఉత్త చేతులతో వచ్చి నిలబడింది.

"బాబూ, గురమ్మ గుమ్మానికి ఏపమండలున్నాయి గానీ ఇంటో మనుషులు నేరు. ఎనక తలుపు తీసున్నాది."

"ఎప్పుడు?"

"నాకేటి తెలుసు. నానేటి సూసేనా," అని ఒక నిమిషమాగి, "రెండు గంటల బండి ఉన్నాది కదా చీపురుపల్లికి," అన్నది ఆమె.

ఆయన అన్నం మూట మళ్ళీ కట్టేశారు. స్టేషనుకు సైకిలు మీద పోవలసినంత దూరమున్నది. ఎల్లాజీ మందు పెట్టె వీధిలో ఉన్నది; వాణ్ణి పిలవలేదు. ఎండ నెత్తిన ఉన్నది. తొక్కుతున్నంత సేపూ ఆయన కోపం తెచ్చుకోవాలని చూశారు. కోపం రాలేదు. మశూచి పిల్లను రైలులో ఎక్కిస్తే ఆ పెట్టెలో ఎంతమంది, ఆ స్టేషనులో ఎంతమంది, ఆ పురిటింట్లో ఎంతమంది అని లెక్క మాత్రం సాగుతున్నది. పదకొండు దగ్గర మొదలై, ఎక్కడా ఆగడం లేదు.

వాళ్ళు ప్లాట్‌ఫారం చివర, నీడ పలచగా పడే ఒక నిద్రగన్నేరు చెట్టు కింద, అందరికీ దూరంగా కూర్చున్నారు. గురమ్మ ఒడిలో పిల్ల, నిండా ముసుగు కప్పి ఉన్నది. ఆయనను చూసి గురమ్మ లేవలేదు. పారిపోయే చోటు కూడా లేదు. దారి పొడుగునా పిల్లను వీపున మోసిన మనిషి.

"పట్టుకున్నావు. ఏటి సేత్తావు, సెప్పు," అన్నది.

జగన్నాధం గారికి ఊపిరి అందలేదు. సైకిలు చెట్టుకు ఆనించి, ఆమెకు రెండు గజాల దూరంలో కిందనే కూర్చున్నారు. బండి రావడానికి ఇంకా ఇరవై నిమిషాలున్నది.

"నేను ఏమీ చేయలేను. నువ్వు ఎక్కితే పట్టుకు లాగలేను. నాకా శక్తి లేదు," అన్నారాయన చివరికి. "ఎక్కవద్దని చెప్పడానికి వచ్చాను. అక్కడ పదిరోజుల పసివాడున్నాడు."

"మరి ఇక్కడ పాక ఉన్నాది," అన్నది గురమ్మ. "నా కొడుకు ఒగ్గీసి ఎల్లిన పిల్ల బాబూ ఇది. తల్లి ఒళ్ళో పెట్టీసి, ఆ తరవాత సత్తే సత్తాను."

ముసుగు లోపలి నుంచి సన్నని గొంతు వచ్చింది. "మామ్మా, నీళ్ళు."

ఆయన లేచి, స్టేషను కుండ దగ్గరకు పోయి, అల్యూమినియం ముంత నిండా నీళ్ళు తెచ్చారు. గురమ్మ కొంగులోంచి చిన్న కంచుగిన్నె తీసి పట్టింది. అందులో పోస్తే పిల్ల తాగింది. ముంతలో ఇంకా సగం మిగిలి ఉన్నది. గురమ్మ పెదవులు తెల్లగా ఎండిపోయి ఉన్నాయి.

"నువ్వూ తాగు."

ఆమె ఒక క్షణం తటపటాయించి, రెండు చేతులూ కలిపి దోసిలి పట్టింది. ఆయన ముంత వంచారు. నీళ్ళు ఆ దోసిట్లో పడి వెలుతురుకు మెరిశాయి. ఆ మెరుపు కింద ఆయనకు ఆమె అరచేతులు కనిపించాయి. కుడి అరచేయి పని చేసిన ఏ ముసలమ్మ అరచేయి వలెనైనా నునుపెక్కి ఉన్నది. ఎడమ అరచేయి నిండా చుక్కలు: కొన్ని నల్లగా, కొన్ని ఎర్రగా, వేళ్ళ మొదళ్ళ నుంచి మణికట్టు దాకా.

ఆయన ముంత ఎత్తేశారు.

"పొయ్యి బాబూ, ఆపీసేవేటి?"

"నీ ఎడమ చేతికి ఏమైంది?"

"నా సేతికేటయింది. నలభై ఏళ్ళకాడినుంచీ ఇలాగే ఉన్నాది. వాలుగ పళ్ళు."

"ఏమిటవి?"

గురమ్మ ఆయన వైపు జాలిగా చూసింది. "పొందూరు నూలు ఎలగొస్తాదో తెల్దేటి నీకు? వాలుగ సేప దవడ ఉంటాది గదా, దానికి దువ్వెన కన్నా సన్నం పళ్ళుంటాయి. గింజపత్తి ఈ సేతిలో ఎట్టుకుని, ఆ సేత్తో దవడ పట్టుకుని దువ్వాల. దువ్వితే పోగులు సక్కగొస్తాయి, సెత్త పోతాది. దువ్వడం తెలిసేదాకా పళ్ళు అరసేతిలో దిగుతానే ఉంటాయి. తెలిసినాక కూడా దిగుతాయి."

జగన్నాధం గారి భుజం మీద ఆ పూట కూడా పొందూరు ఖద్దరు ఉత్తరీయమే ఉన్నది. ఇరవై ఏళ్ళుగా ఆయన వేరే ఉత్తరీయం వేయలేదు. చేతి రుమాలంత చోటులో అన్ని పోగులు ఎలా ఇముడుతాయోనని నలుగురిలో మెచ్చుకున్నవారే. ఆ పోగు ఎవరి చేతిలో ఏది గుచ్చుకొంటే వస్తుందో ఆయన ఎప్పుడూ అడగలేదు.

"నీలవేణి కూడా దువ్వుతుందా?"

"తల్లి పురిటికెల్లినకాడినుంచీ తల్లి పని ఇదే సేత్తన్నాది. మొన్నే కొత్త దవడ ఇచ్చేను. కొత్తదానికి పళ్ళు మా పదును."

"నీలవేణీ, కుడి చెయ్యి చూపించు తల్లీ."

ముసుగులోంచి పిడికిలి బయటికి వచ్చి విచ్చుకున్నది. నలిగిన వేపాకు, దాని పసరు. అరచేతిలో ఒక్క చుక్క లేదు. పాదాలు చూపించమన్నారు. దుమ్ము కొట్టుకొని ఉన్న చిన్న పాదాలు. అరికాళ్ళు నున్నగా ఉన్నాయి. పొద్దుట అడగవలసినవి ఈ రెండే. ఒక చేయి చూసి రెండో చేయి కూడా అంతేననుకున్నారు ఆయన. పట్టికలో ఉన్నది కంటికి కనిపించగానే పట్టిక మూసేశారు.

అయినా అది చాలదు. ఇప్పుడు, మశూచి కాదని తేల్చవలసిన బాధ్యత కూడా ఆయన మీదనే ఉన్నది. సముద్రపొడ్డు పల్లె ఇంకా అక్కడే ఉన్నది. వీపు చూడాలి.

"గురమ్మా," అన్నారాయన. అని, ఏమనాలో తోచక, వంగి బూట్ల తాళ్ళు విప్పడం మొదలుపెట్టారు.

గురమ్మ చూస్తూ ఊరుకున్నది. రెండు బూట్లూ తీసి చెట్టు మొదట పెట్టిన తరువాత, "మేజోళ్ళు కూడా తీసీ," అన్నది.

తీశారు. పంట్లాము మడిచి, ప్లాట్‌ఫారం చివర కుళాయి దగ్గరకు వేడి ఇసుక మీద నడిచి, పాదాలు కడుక్కొని, ముఖం కడుక్కొని తిరిగి వచ్చారు. మడమలు పగిలి, చిటికెన వేళ్ళ దగ్గర పుండ్లు కట్టిన పాదాలు. గురమ్మ వాటినే చూస్తున్నది.

"ఆముదం రాయకూడదేటి బాబూ వాటికి. మీ ఇంటో ఆడోలు నేరా?"

"ఉన్నారు. ఇంట్లో నేను ఎక్కువగా ఉండను."

"వాలుగ దవడ సంగతి తెలీదు, కాళ్ళ సంగతి తెలీదు. ఏటి ఉజ్జోగమో," అని గొణుక్కుంటూ, ఆమె పిల్లను ఒడిలో బోర్లా తిప్పింది. ప్లాట్‌ఫారం వైపు నుంచి ఎవరూ చూడకుండా తన కొంగు పరదాగా పట్టి, "తల్లీ, సూత్తన్నాడు, ఏటీ అనుకోకు," అని లోగొంతుకతో అని, ముతకగుడ్డ తొలగించింది. ఆ మాట ఆమె పిల్లతో అన్నదో, అమ్మవారితో అన్నదో ఆయనకు తెలియలేదు.

వీపు మీద పూత లేదు. ఆయన కళ్ళద్దాలు తుడుచుకొని చూశారు. వీపు నిండా ఉన్నాయి. కొన్ని ఇప్పుడే లేచిన ఎర్రని మచ్చలు. వాటి పక్కనే నీటిబొట్టు చిలకరించినట్టు పలచగా మెరిసే పొక్కులు. మధ్యలో కొన్ని అప్పుడే ఎండి నల్లబడ్డవి. మూడు వయసులవీ ఒకే చోట, ఒకే రోజున. మశూచి అలా రాదు. అది ఒక్కసారిగా లేస్తుంది, ఒక్కసారిగా పండుతుంది. ఆయన చూపుడువేలుతో ఒక దాన్ని మెల్లగా తాకారు. చర్మం పైననే ఉన్నది, మెత్తగా, ఇంకొంచెం ఒత్తితే చిట్లేటట్టు. చర్మం కింద బఠాణీ గింజ లేదు.

మెడ నుంచి నడుము దాకా మళ్ళీ ఒకసారి చూశారు. తరువాత మోచేతులు చూశారు. అక్కడక్కడా రెండు, మూడు. ముఖం మీది పూత తడిగుడ్డతో ఒక మూల తుడవనిమ్మని అడిగారు. గురమ్మ తానే తుడిచింది. అక్కడా అవే మూడు రకాలు.

"కప్పెయ్," అన్నారు.

"ఏటి?"

"చిన్నమ్మోరే. ఆటలమ్మ."

గురమ్మ గుడ్డ కప్పింది. ఏడవలేదు, నవ్వలేదు. "నాను పొద్దున్నే సెప్పేను," అన్నది.

"నువ్వు చెప్పలేదు. నన్ను రావద్దన్నావు."

"అదే సెప్పడం."

దూరాన బండి కూత వినిపించింది. ప్లాట్‌ఫారం మీది జనం మూటలు ఎత్తుకున్నారు. గురమ్మ కూడా పిల్లను వీపుకు ఎత్తుకోబోయింది.

"వద్దు, గురమ్మా. ఇప్పుడు కూడా ఎక్కవద్దు."

"ఆటలమ్మే అన్నావు గదా. మరేటి?"

"దీనికి ఆటలమ్మ ఆట వంటిదే, వారం రోజులలో ఇది లేచి తిరుగుతుంది. కాని పొక్కులన్నీ ఎండి పెచ్చులు కట్టేదాకా ఈ జబ్బు ఎదుటివాళ్ళకు అంటుకుంటుంది. పది రోజుల పసిగుడ్డుకు అంటుకుంటే అక్కడ అది చిన్నమ్మోరుగా ఉండదు. పురిటిమనిషికీ మంచిది కాదు. పద్మకుమారికి చిన్నప్పుడు వచ్చిందా?"

"నాకేటి తెలుసు. ఆలింటి సంగతి."

"అయితే అసలే వెళ్ళకూడదు."

బండి వచ్చి నిలిచింది. గురమ్మ లేచి నిలబడి, పిల్లను పట్టుకొని, తలుపు తీసి ఉన్న పెట్టె వైపు చూసింది. ఆయన ఆమెను పట్టుకోలేదు. అడ్డంగా కూడా నిలబడలేదు. ఉత్తకాళ్ళతో అలాగే నిలబడి ఉన్నారు.

"ఇంటికెల్తే ఆ జీపు ఉంటాది గదా," అన్నది ఆమె, బండి వైపే చూస్తూ. "నువ్వు కాయితం రాసీసేవు. రాసిన కాయితం నమ్ముతారా, నిన్ను నమ్ముతారా?"

"నేను ముందు నిలబడతాను."

"నీకేటి మాటొస్తాదో."

"వస్తుంది."

బండి కదిలింది. గురమ్మ ఆఖరి పెట్టె దాటేదాకా చూసి, పిల్లను మళ్ళీ కిందికి దించింది.

నీలవేణిని సైకిలు వెనుక సీటు మీద కూర్చోబెట్టి, ఆయన చేతులతో సైకిలు నడిపిస్తూ, గురమ్మ వెనుక నుంచి పిల్లను పట్టుకొని నడుస్తూ, ఊరు చేరేసరికి నాలుగు దాటింది. బూట్లు సైకిలుకు తగిలించి ఉన్నాయి. పుండ్ల మీద తోలు ఒరుస్తుందని వేసుకోలేదు. దారిలో పిల్ల ఒకసారి, "మామ్మా, అమ్మకాడికి ఎల్లటం నేదా?" అని అడిగింది. "అమ్మే వస్తాది," అన్నది గురమ్మ.

జీపు వీధి మొదట్లోనే నిలిచి ఉన్నది, సున్నపు గీతకు అవతల. ముప్పై ఏళ్ళు కూడా నిండని డాక్టరు జీపు దిగి, ఎల్లాజీని ఏదో అడుగుతున్నాడు. అరుగుల మీద జనం నిండి ఉన్నారు. సైకిలు మీద పిల్లను చూడగానే అందరూ వెనుకకు జరిగారు.

"జగన్నాధం గారూ, ఏమిటిది? మశూచి పేషెంటును సైకిలు మీద తిప్పుతున్నారా?" అన్నాడు డాక్టరు.

"మశూచి కాదండి. ఆటలమ్మ. పొద్దుట నేను పొరబడ్డాను."

ఆయన ఆ మాట తగ్గించి చెప్పి ఉండవచ్చును. జీపు పక్కకు పిలిచి చెవిలో చెప్పి ఉండవచ్చును. అయితే ఈ సున్నపు గీత గీయించినది ఆయన చేతి కాగితమే. అందుచేత ఆ అరుగుల మీది వాళ్ళందరికీ వినిపించేటట్టు, ఎడమ అరచేయి చూసి తాను ఏమనుకున్నదీ, అది నిజానికి ఏమిటో, వీపు మీద ఏమి చూసినదీ వరుసగా, ఒక రిపోర్టు చదివినట్టు చెప్పారు. వాలుగ దవడ మాట రాగానే అరుగుల మీది ఆడవాళ్ళలో కొందరు తమ ఎడమ చేతులు చూసుకున్నారు. ఎవరో నవ్వారు.

"ఓలమ్మ, ఈ ఈదంతా పెద్దమ్మోరే అయితే," అన్నది బుల్లమ్మ తన అరచేయి చాపి.

డాక్టరు గురమ్మ అనుమతితోనే, కొంగు పరదా చాటున, పిల్ల వీపు చూశాడు. అతడు బూట్లు విప్పలేదు. వీధిలో కనుక గురమ్మ కూడా అడగలేదు. చూసి తల పంకించాడు.

"పోనీలెండి. తక్కువ రాయడం కంటే ఎక్కువ రాయడమే నయం. అనుమానించి రాశారని నోట్ చేస్తాను," అన్నాడు.

"అలా వద్దండి. పరీక్ష పూర్తి చేయకుండా రాశారని రాయండి. ఒక చేయి మాత్రమే చూశాను. అది రాయండి."

"ఈ నాలుగు నెలల్లో ఎందుకండీ?"

"నాలుగు నెలలే గనుక."

డాక్టరు ఆయన వంక చూసి, పుస్తకంలో రాసుకున్నాడు. జీపు ఖాళీగా వెళ్ళిపోయింది. ఎల్లాజీ చెప్పుకాలితో సున్నపు గీత చెరిపాడు. పూర్తిగా పోలేదు, తెల్లగా అలికినట్టు మిగిలింది.

జగన్నాధం గారు గురమ్మ అరుగు మీద కూర్చున్నారు. పెరుగన్నం పులిసిపోయి ఉంటుంది. లోపల పిల్లను మళ్ళీ వేపాకు మీద పడుకోబెట్టిన చప్పుడు వినిపించింది. గురమ్మ బయటికి వచ్చి గడప మీద పసుపునీళ్ళు చిలకరించి, అక్కడే కూలబడింది.

టీకా సంగతి చెప్పవలసి ఉన్నది. ఈ పిల్ల ఒంటి మీద పొక్కులు రాలిపోయి, జ్వరం పూర్తిగా పోయిన తరువాత టీకా వేయాలి. లేకుంటే నిజంగా పెద్దమ్మోరు వచ్చిననాడు గాదె మూత కాపాడదు. అందుకు ఆయన మళ్ళీ రావాలి. ఆ మాట ఇక్కడ ఎలా అనాలో ఆయనకు తెలియలేదు. పొద్దుట అని తిట్టు తిన్న మాట అదే. పైగా ఈసారి ఆయనకు అనాలనిపించలేదు కూడా. ఒకరి ఇంటి గడప మీద కూర్చొని ఆ ఇంటి మాట కాదనే ఓపిక ఆయనలో మిగలలేదు.

కొంతసేపు అలాగే కూర్చొని, సైకిలు పట్టుకొని లేచారు. ఒక్క మాటా మాట్లాడలేదు. నాలుగడుగులు వేసిన తరువాత వెనుక నుంచి గురమ్మ గొంతు వినిపించింది. ఆమె ఆయనతో అంటున్నట్టు కాదు. గుమ్మానికి కట్టిన వేపమండలు సర్దుకుంటూ, వీధితో అంటున్నట్టు.

"పదకొండోనాడు నీళ్ళు పోసీసి అమ్మని సాగనంపుతాను. ఆ మర్నాడు గుమ్మం తీసుంటాది. గుంట ఇంటోనే ఉంటాది. గాదె ఖాళీయే."

ఆయన వెనుదిరిగి చూడకుండా తల ఊపారు. అరికాళ్ళ కింద వీధి ఇంకా వేడిగానే ఉన్నది. మలుపు దాటేసరికి వెనుక ఎక్కడో, గురమ్మ ఇంట కాదు, పక్కింట, ఒక రాట్నం మళ్ళీ మొదలైంది.